ఫాక్స్‌టెయిల్ పామ్‌ని గుర్తుపట్టి మన నేలలో పెంచడం ఎలా

ఇంటి ముందు అందానికి పెంచే, నక్కతోకలాంటి మట్టలుండే ఫాక్స్‌టెయిల్ పామ్ కొనడానికి నర్సరీకి వెళ్ళినప్పుడు ముందు మొక్క ఎత్తు చూడకండి. ఒక మట్టని చేతిలోకి తీసుకుని, దాని ఆకుల కొసలు చూడండి. కొస సూదిలా సన్నగా ముగిస్తే అది ఫాక్స్‌టెయిల్ కాదు. ఎలుక కొరికినట్టు, చేపతోకలా చీలికలు చీలికలుగా ఉంటే అప్పుడు ధర అడగండి.

ఈ ఒక్క సంగతి తెలియక నేను ఎనిమిదేళ్ళు పోగొట్టుకున్నాను. ప్రకాశం జిల్లా సింగరాయకొండలో ఇల్లు కట్టుకున్నాక గేటు నుంచి వరండా దాకా దారికి అటు మూడు, ఇటు మూడు నాటించాను. ఆరూ ఫాక్స్‌టెయిలే అని ఇచ్చారు. అందులో రెండు రాయల్ పామ్‌లని నాలుగో ఏడు గానీ తెలియలేదు. ఒకటి ఎనిమిదో ఏట కరెంటు తీగల్లోకి వెళ్ళింది. నరికించక తప్పలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. కొనేముందు ఐదు నిమిషాలు చూసి ఉంటే ఆ చెట్టు ఎక్కడో ఖాళీ స్థలంలో హాయిగా అరవై అడుగులు పెరిగేది.

అందుకే గుర్తుపట్టడం దగ్గరే మొదలుపెడుతున్నాను.

మొదటి పని: ఏది ఏ పామో తేల్చుకోండి

మనకి తాటి, కొబ్బరి చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి లెక్క తేలికే. నర్సరీలో ఏ పామ్ కనిపించినా ముందు ఇది తాటి వరసా, కొబ్బరి వరసా అని చూడండి. ఆకు విసనకర్రలా విచ్చుకుంటే తాటి వరస. వెండిరంగు బిస్మార్కియా, మట్ట అంచున ముళ్ళుండే వాషింగ్టోనియా ఆ వరసలోవి. నడి ఈనెకి రెండు పక్కలా ఆకులుంటే కొబ్బరి వరస. ఫాక్స్‌టెయిల్, రాయల్, అరెకా, అలెగ్జాండ్రా, ఈత అన్నీ ఇందులోకే వస్తాయి. మోసపోయేది ఈ రెండో వరసలోనే.

తర్వాత మొక్క మొదలు చూడండి. ఒకే దుబ్బు నుంచి చెరుకుగడల్లా నాలుగైదు కాండాలు వస్తే అది అరెకా పామ్ అయ్యుండాలి, కాడలు పసుపుగా కూడా ఉంటాయి. మెకార్థర్ పామ్ కూడా గుంపుగానే వస్తుంది. దీని ఆకు కొస కూడా చీలి ఉంటుంది కాబట్టి కొస ఒక్కటే చూసి సంబరపడకండి. ఫాక్స్‌టెయిల్‌కి ఎప్పుడూ ఒకటే మాను.

పెద్ద చెట్టయితే గుర్తుపట్టడానికి అసలు కష్టమే లేదు. ఈనె చుట్టూ, అన్ని వైపులకీ ఆకులు లేచి ఉంటాయి, మట్ట మొత్తం సీసాలు కడిగే బ్రష్‌లా, గుబురుగా ఉన్న నక్కతోకలా కనిపిస్తుంది. పేరు దాన్నుంచే వచ్చింది. చిక్కేమిటంటే మూడు నాలుగడుగుల మొక్కలో ఈ తోక ఇంకా రాదు. ఆ వయసులో ఆకులు వెడల్పుగా, దూరం దూరంగా, మామూలుగా రెండు పక్కలకే ఉంటాయి. “తోకలా లేదేమండీ” అంటే “పెరిగాక వస్తుంది సార్” అంటారు. ఆ మాట నిజమే, కానీ రాయల్ పామ్‌ని అంటగట్టేటప్పుడూ అదే మాట చెప్పొచ్చు. అందుకే చీలిన కొస అంత ముఖ్యం. అది చిన్న మొక్కలోనూ ఉంటుంది.

రాయల్ పామ్ సంగతి విడిగా చెప్పాలి. మన వైపు చాలామంది దీన్నే బాటిల్ పామ్ అంటారు. మాను సిమెంటు స్తంభంలా తెల్లగా, మధ్యలో కాస్త ఉబ్బి, పైన నిగనిగలాడే ఆకుపచ్చ గొట్టంతో ఉంటుంది. దీని ఆకులు కూడా ఒకటికంటే ఎక్కువ వరసల్లో లేస్తాయి, దూరం నుంచి ఫాక్స్‌టెయిల్ అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆకు కొస సన్నగా ఉంటుంది. కాయ శనగగింజకంటే కాస్త పెద్దది, అంతే. ఫాక్స్‌టెయిల్ కాయ రెండంగుళాల దాకా ఉండి, పండితే నారింజ ఎరుపుకి తిరుగుతుంది. రాయల్ పామ్ క్యూబా దేశపు జాతీయ వృక్షం. విశాలమైన ఆవరణలో దాని అందానికి సాటి లేదు. కానీ అయిదు సెంట్ల స్థలంలో, కారు నిలిపే చోట వద్దు. ఎదిగిన చెట్టు నుంచి రాలే మట్ట పది కిలోలు దాటుతుంది, అరవై అడుగుల పైనుంచి పడుతుంది.

అలెగ్జాండ్రా పామ్‌ని ఆకు తిప్పి చూస్తే పట్టేయొచ్చు, అడుగుభాగం బూడిద పూసినట్టు తెల్లగా మెరుస్తుంది. నిజమైన బాటిల్ పామ్ మారిషస్ దీవులది. పొట్టిగా, మొదట్లో కుండలా ఉబ్బి, నెత్తిన నాలుగైదు మట్టలే మోస్తుంది.

ఈ చెట్టు పుట్టిన చోటు ఎలాంటిదో తెలిస్తే సగం సాగు తెలిసినట్టే

ఫాక్స్‌టెయిల్ సొంత ఊరు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, కేప్ మెల్విల్ అనే చిన్న కొండప్రాంతం. ఇంకెక్కడా సహజంగా పెరగదు. వృక్షశాస్త్రంలో 1983లో గానీ దీనికి పేరు పెట్టలేదు. ఆ ప్రాంతపు చెట్టూచేమా ఎరిగిన ఆదివాసీ పెద్ద వోడ్యెటి పేరు మీద దీన్ని వోడ్యెటియా బైఫర్కేటా అన్నారు. బైఫర్కేటా అంటే రెండుగా చీలినది అని. అలా లోకానికి తెలిసిన చెట్టు ఇంత తక్కువ కాలంలో మన హైవే పక్క నర్సరీల దాకా వచ్చింది. దాని అందానికి అంత గిరాకీ. 1990ల్లో ఆ అడవిలోంచి గింజలు దొంగతనంగా కూడా తరలించారు.

అక్కడ నేల ఎలా ఉంటుందంటే పెద్ద పెద్ద నల్లరాతి గుండ్లు, వాటి మధ్య ముతక ఇసుక. సముద్రం దగ్గరే. వాన గట్టిగా పడుతుంది, పడిన నీరు నిలవకుండా దిగిపోతుంది, ఆపైన నెలల తరబడి ఎండ. ఇది చదివినప్పుడు నాకు మన తీరమే గుర్తొచ్చింది. కొత్తపట్నం నుంచి పాకల మీదుగా కావలి, కోడూరు దాకా ఉన్న ఇసుక నేలల్లో ఈ చెట్టు అంత బాగా ఎందుకు వస్తుందో అప్పుడు అర్థమైంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఎందుకు ముడుచుకుంటుందో కూడా.

ఎక్కడ, ఎప్పుడు నాటాలి

ఇది 30 అడుగుల దాకా పెరుగుతుంది. పైన కరెంటు తీగ లేకుండా చూసుకోండి. గోడకి 6 అడుగులు, చెట్టుకీ చెట్టుకీ 8 నుంచి 10 అడుగులు వదలండి. వేర్లు కొబ్బరి వేర్లలాగే సన్నని తాళ్ళు, రావిలా మర్రిలా గోడని చీల్చవు. ఆ టెన్షన్ అక్కర్లేదు. కనీసం సగం రోజు నేరు ఎండ పడాలి, నీడలో సాగిపోయి బలహీనపడుతుంది.

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వచ్చేదే. గోదావరి వైపు వాళ్ళు జూన్‌లో నాటమంటారు, ఆ మాట మనకి నప్పదు. జూన్‌లో ఇంకా వడగాలి తగ్గదు. నా లెక్కలో జూలై చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా మంచి అదను. నేల వెచ్చగా ఉంటుంది, వేరు త్వరగా సాగుతుంది, తుపానులు మొదలయ్యేలోపు మొక్క కాస్త పట్టు దొరికించుకుంటుంది. అదను తప్పితే జనవరి, ఫిబ్రవరి దాకా ఆగండి. మార్చి తర్వాత మాత్రం ఎంత నీళ్ళున్నా నాటకండి.

మొక్కలు ఎక్కువగా కడియం నుంచి లారీల్లో వస్తాయి. అక్కడ షేడ్ నెట్ కింద పెరిగినవైతే ఒక్కసారిగా మన ఎండలో పెడితే ఆకు మాడుతుంది. పది రోజులు చెట్టు నీడలో ఉంచి, రోజూ నీళ్ళు పోస్తూ, మెల్లగా ఎండకి అలవాటు చేయండి. ఎంచుకునేటప్పుడు ఎత్తైన మొక్కకంటే మొదలు లావుగా, మధ్యలో కొత్త ఈటె (ఇంకా విప్పుకోని ఆకు) పచ్చగా నిటారుగా ఉన్న మొక్కని తీసుకోండి. ఆ ఈటెని రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూడండి. కదిలి చేతిలోకి వచ్చిందంటే మొవ్వు, అంటే కొత్తాకులు పుట్టే లేత చోటు, కుళ్ళింది, ఆ మొక్క ఇక బతకదు.

గుంట, లోతు

మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుంట చాలు. ఇసుక నేలయితే తవ్విన ఇసుకలో రెండు తట్టలు చెరువుమట్టి, రెండు తట్టలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి కలపండి. ఎరువుని జల్లించి వేయండి. అందులో వంకర తిరిగిన తెల్లటి లావు పురుగులు కనిపిస్తే అవి కొమ్ముపురుగు పిల్లలు. ఏరి చంపకపోతే రేపు పెద్దపురుగులై ఆ మొక్కనే తింటాయి.

నల్లరేగడిలో మాత్రం గుంటని నమ్ముకోవద్దు. వానకాలంలో ఆ గుంట నీటి తొట్టి అవుతుంది. నేల మీద అడుగున్నర ఎత్తు, ఐదారడుగుల వెడల్పు దిబ్బ వేసి, అందులో ఇసుక బాగా కలిపి, దాని నెత్తిన నాటండి. చూడ్డానికీ బాగుంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. సంచిలో మట్టి ఏ మట్టంలో ఉందో నేల మీద కూడా సరిగ్గా అదే మట్టంలో ఉండాలి. లోతుగా పెడితే గట్టిగా నిలబడుతుందనిపిస్తుంది, గాలికి పడదనిపిస్తుంది. కావలిలో మా బావగారు అలాగే అనుకుని ఆరంగుళాలు లోతుగా పెట్టించారు. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు కొత్త ఆకులు లేతపసుపుగా రావడం మొదలైంది. ఎరువు వేశారు, మందు కొట్టారు. చివరికి మొదట్లో మట్టి తీసి చూస్తే పాత వేర్లు గాలి ఆడక నల్లబడి ఉన్నాయి. పై మట్టి తీసేసి, ఆకులకి అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) కొడితే ఏడాదికి కోలుకుంది. అదృష్టం బాగుండి రెండో ఏడే చూశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదు.

నాటేటప్పుడు మొక్కని కాండం పట్టుకుని ఎత్తకండి, సంచి కింద చేతులు పెట్టి ఎత్తండి. వేరుగడ్డ పగిలితే మొక్క నెలల తరబడి అలిగి కూర్చుంటుంది. సంచి కోసి తీసేయండి, సంచితోపాటు పాతిపెట్టే పనివాళ్ళు ఇంకా ఉన్నారు, దగ్గరుండి చూడండి. ఆసరాకి సరుగుడు కర్రలు మన వైపు దొరకని ఊరు లేదు. మూడు కర్రలు మూడు వైపులా ఏటవాలుగా పాతి, మొక్కకి గోనెపట్ట చుట్టి, దాని మీద కొబ్బరితాడుతో వదులుగా కట్టండి. మేకు మాత్రం కొట్టొద్దు.

మేకు ఎందుకు కొట్టకూడదంటే

మామిడి మానుకి గాటు పడితే రెండు మూడేళ్ళకి బెరడు చుట్టూ పెరిగి పూడ్చేస్తుంది. పామ్ జాతికి అలా పూడ్చుకునే పొర లేదు. కల్లు గీసిన ఈతచెట్టుని చూడండి. పదేళ్ళ కింద గీసిన గంటు ఇవాళ్టికీ అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది. పెళ్ళికి, దీపావళికి సీరియల్ లైట్లు కట్టడానికి కొట్టిన ప్రతి మేకూ అలాంటి గంటే. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టేది ఆ గాయాల్లోనే. లోపల తొలిచేస్తుంటే బయటికి ఏమీ తెలియదు, తెలిసేసరికి మొవ్వు వాలిపోతుంది. దీపాలు కావాలంటే తాడుతో కట్టుకోండి.

మొవ్వు కూడా అంతే. కొమ్మలుండవు కాబట్టి మొత్తం చెట్టుకి పెరిగే చోటు ఆ ఒక్కటే. నెత్తి నరికితే చిగురు రాదు, చెట్టు చస్తుంది.

నీళ్ళు

మొదటి మూడు నెలలు రోజు విడిచి రోజు ఒక్కో మొక్కకి 15 నుంచి 20 లీటర్లు పోయండి. నల్లరేగడిలో మూడు రోజులకి ఒకసారి చాలు. మొదటి వేసవి గండం. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఇసుకలో రోజూ నీళ్ళు పోయాలి, పడమటి గాలి తగిలే వైపు తాటాకులతో దడి కట్టాలి. మొదట్లో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ నాలుగంగుళాల మందంలో పరచండి, కాండానికి మాత్రం జానెడు దూరంగా. రెండేళ్ళు దాటిన చెట్టుకి రోజూ చెంబెడు పోసేకంటే వారానికి ఒకసారి 60, 70 లీటర్లు నిదానంగా లోతుకి దిగేలా పోయడం మేలు.

మన తీరంలో అసలు చిక్కు బోరు నీటి ఉప్పు. రొయ్యల చెరువుల దగ్గర ఊళ్ళలో మరీ ఎక్కువ. ఫాక్స్‌టెయిల్ కాస్త ఉప్పుని ఓర్చుకుంటుంది, ఉప్పునీళ్ళే తాగి బతకలేదు. నేల మీద తెల్లగా పొర కడుతున్నా, ముదురాకుల కొసలు మాడుతున్నా ఉప్పు పేరుకుంటోందని గుర్తు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు, వాననీళ్ళు చెట్టుకి మళ్ళించండి. ఆర్‌ఓ మిషన్ నుంచి వచ్చే వృథా నీళ్ళు మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. వానకాలంలో రెండు మూడు మంచి వానలు మొదట్లో ఇంకితే పేరుకున్న ఉప్పు కిందికి దిగిపోతుంది. అందుకని పాదు మట్టి గట్టిపడకుండా పైపైన గుల్ల చేసి ఉంచండి.

నీరు ఎక్కడికక్కడ చవుడుగా ఉన్న చోట నా సలహా ఫాక్స్‌టెయిల్ మానేసి కొబ్బరో ఈతో పెట్టుకోమనే. వరసగా నాటిన ఈతచెట్లు ఏ విదేశీ పామ్‌కీ తీసిపోవు.

ఎరువు, ఆకు చెప్పే కబుర్లు

కొబ్బరి రైతుకి తెలిసిన సూత్రమే, పొటాష్ ఎక్కువ కావాలి. పచ్చగా రావాలని యూరియా ఒక్కటే వేస్తే మొక్క పెరుగుదల పరుగెడుతుంది, పొటాష్ దానికి సరిపోక కింది ఆకులు దెబ్బతింటాయి. నేను మూడేళ్ళు దాటిన చెట్టుకి జూలై, అక్టోబరు, ఫిబ్రవరి నెలల్లో ఐదేసి కిలోల వర్మీకంపోస్టు, 150 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్, 75 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, ఒక గుప్పెడు యూరియా కలిపి, మానుకి రెండడుగుల దూరంలో చుట్టూ చల్లి నీళ్ళు పెడతాను. ఉప్పునీటి చోట మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాషే మంచిది.

ఏ ఆకు పాడవుతోందో చూస్తే జబ్బు సగం తెలుస్తుంది. కింది ముదురాకుల మీద పసుపు, నారింజ చుక్కలు పడి కొసలు ఎండుతుంటే పొటాష్ తక్కువైంది. ముదురాకుల్లో అంచులు పసుపుగా, నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం. పైన కొత్తాకులు పాలిపోతే ఇనుము. అప్పుడు ముందు లోతు, నీటి నిలవ సరిచూసి, ఆపైన లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. కొత్తాకులు కురచగా, మాడి ముడుచుకుని వస్తుంటే మాంగనీసు లోపం. సున్నం ఎక్కువున్న నల్లనేలల్లో ఇది వస్తుంది, లీటరుకి 3 గ్రాముల మాంగనీసు సల్ఫేట్ కొట్టాలి. దీన్ని వాయిదా వేయకండి, మొవ్వు పోతుంది.

పసుపెక్కిన కింది ఆకుల్ని చూడలేక కోయించేస్తుంటారు, ముఖ్యంగా సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు. దయచేసి ఆ పని చేయకండి. ముదురాకులో మిగిలిన పొటాష్‌ని చెట్టు లాక్కుని కొత్తాకుకి పంపుతుంది. దాన్ని కోసేస్తే ఆ పైఆకుల్లోంచి లాగడం మొదలుపెడుతుంది, అవీ పసుపెక్కుతాయి. ఫాక్స్‌టెయిల్ నెత్తిన ఉండేవే ఎనిమిది, పది మట్టలు. పూర్తిగా ఎండిన మట్ట దానంతటదే రాలుతుంది, కోత అనే పనే లేదు. పెళ్ళి పందిరికి రెండు మట్టలివ్వమని అడుగుతారు, నేను రాలినవి తప్ప ఇవ్వను.

పురుగులు

కొత్త మట్ట విప్పుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటే కొమ్ముపురుగు పని. దగ్గర్లో పెంటదిబ్బ ఉంటే దాన్ని ముందు తీయించండి. రంధ్రం కనిపిస్తే ఇనుప కొక్కెంతో పురుగుని లాగి, ఇసుకలో వేపపిండి కలిపి ఆ చోట నింపండి.

మన దేశంలో 2016లో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితోపాటు ఈ పామ్‌లకీ పట్టింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తాయి. గాబరాపడి ఘాటు మందులు కొట్టకండి. ఈ దోమని తినే చిన్న పరాన్న కందిరీగలు దాంతోపాటే ఉంటాయి, మందుకి ముందు అవి చస్తాయి. పైపుతో ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. దోమ ఎక్కువైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరికి సిఫారసు చేసే ఇసారియా శిలీంధ్రాన్ని వాడొచ్చు.

తుపానులో

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్ళకి గాలి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే బరువు తగ్గిద్దామని మట్టలు కొట్టించకండి. చుట్టూ మట్టలుంటే లేత మొవ్వుకి కాపు. రెండు మూడు నిటారు ఆకులే మిగిలితే గాలి నేరుగా మొవ్వునే విరుస్తుంది. ఆసరా కర్రలు బిగించండి, అంతే. గాలి తగ్గిన మర్నాడు మంచినీళ్ళతో ఆకుల మీద పడిన ఉప్పు కడగండి. వాలిన చిన్న మొక్కని ఆ రోజే లేపి, కర్ర కట్టి, వేర్ల మీద మట్టి కప్పితే బతుకుతుంది. మట్టలన్నీ చిరిగిపోయినా మొవ్వు పచ్చగా ఉంటే ఆరు నెలలు ఓపిక పట్టండి, కొత్త తోక వేస్తుంది.

మీ చెట్టు గింజలతోనే

చెట్టు కాపుకొచ్చాక గెల ఆకుపచ్చ గొట్టం కింద నుంచి వేలాడుతుంది. బాగా ఎర్రబడి రాలిన పండ్లే ఏరండి. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి గుజ్జు మొత్తం తీసేస్తే నల్లటి పీచు చుట్టుకున్న గింజ వస్తుంది. ఎండబెట్టకుండా వెంటనే సగం ఇసుక, సగం కొబ్బరిపొట్టులో గింజ మునిగేంత లోతున పెట్టి నీడలో తడి ఆరకుండా చూడండి. రెండు మూడు నెలలకి కొన్ని మొలుస్తాయి, కొన్ని ఏడాది తీసుకుంటాయి, తవ్వి చూడకండి. వేరు ముందు కిందికి లోతుగా దిగుతుంది కాబట్టి వెడల్పు కుండీకంటే అడుగు లోతున్న సంచి మేలు. మా గేటు దగ్గర ఖాళీ అయిన చోట ఇప్పుడున్నది అలా మొలిచిన మొక్కే. ఐదో ఆకు విప్పుకుంది, కొస చీలి ఉంది.